త్రీ నాట్ త్రీ: తప్పు తుపాకిదా, తూటాదా?

హనుమాన్ జంక్షన్: ఎన్నికలు వచ్చాయంటే బాపులపాడు మండలంలోను, చుట్టుపక్కల గ్రామాల్లోను తుపాకి లైసెన్సు ఉన్నవారికి ఒక పని పడుతుంది. అటక మీదనో, బీరువా వెనుకనో ఉన్న ఆయుధాన్ని తీసి, దుమ్ము దులిపి, దుప్పటిలో చుట్టి పోలీసు స్టేషనుకు తీసుకువెళ్ళాలి. అప్పగించి రశీదు పుచ్చుకోవాలి. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వెలువడినప్పుడు కూడా రాష్ట్రమంతటా ఈ తంతు నడిచింది. ఆ తుపాకుల్లో కొన్నింటికి వాటి యజమానుల కంటే ఎక్కువ వయసు. అవి పేలతాయో లేదో ఇంట్లోవారికే తెలియదు. అయినా చట్టం దృష్టిలో అది ఆయుధమే, ఎన్నికల సంఘం దృష్టిలోనూ ఆయుధమే.

రైతు తెచ్చిన ముసలి తుపాకిని చూసి స్టేషను సిబ్బంది నవ్వుకోవడం మామూలే. కాని వారి శాఖ కూడా దాదాపు అర్ధ శతాబ్దానికి పైగా అలాంటి పాత ఆయుధాన్నే భుజాన మోసింది. నూజివీడు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు జాతీయ రహదారిని దాటే ఈ కూడలిలో, ఆంజనేయస్వామి గుడి దగ్గర టీ తాగే పెద్దలను అడిగితే, పోలీసు అనగానే వారి కళ్ళకు కట్టేది రెండే వస్తువులు. ఒకటి లాఠీ, రెండోది కర్ర తొడుగు వేసిన పొడవాటి రైఫిలు. దానిని అందరూ పిలిచే పేరు త్రీ నాట్ త్రీ.

ఈ రైఫిలుకు దేశంలో ఒక్కొక్క రాష్ట్రమే వీడ్కోలు చెబుతున్నది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న గణతంత్ర దినోత్సవ కవాతులో దానిని చివరిసారి భుజాన పెట్టుకుని లాంఛనంగా సాగనంపారు. అక్కడ అది 1945 నుంచి వాడుకలో ఉంది. 75 ఏళ్ళ సర్వీసు చేసిన ఉద్యోగి ఏ శాఖలోనూ ఉండడు. కొన్ని చోట్ల ఇది ఇప్పటికీ శిక్షణకు, కవాతుకు, గార్డు పనికి మిగిలి ఉన్నది. ఇంతకాలం నమ్మిన ఆయుధాన్ని ఇప్పుడు పనికిరానిదని ఎందుకు అంటున్నారు, ఆ మాటలో నిజం ఎంత అన్నది ఆలోచించవలసిన విషయం. ఎందుకంటే, పాత తుపాకి మీద ఆధారపడిన ప్రాణాలు కాపలా కాసే కానిస్టేబుల్‌వి మాత్రమే కావు. అతని వెనుక ఉన్నవారివి కూడా.

పుట్టుక ఇంగ్లండులో, పెరిగింది ఈశాపూర్‌లో

అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 303 భాగాలు ఈ తుపాకి గొట్టపు రంధ్రం. ఈనాటి లెక్కలో సుమారు 7.7 మిల్లీమీటర్లు. పేరు అందుకే వచ్చింది. లీ అనే ఇంజనీరు రూపొందించిన బోల్టును, ఎన్‌ఫీల్డ్ అనే ఊరి కర్మాగారంలో తయారు చేసిన గొట్టాన్ని కలిపి లీ ఎన్‌ఫీల్డ్ అన్నారు. మన పోలీసుల చేతిలో ఎక్కువగా కనిపించిన రకం 1907లో వచ్చిన మార్క్ త్రీ. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీనిని లక్షల సంఖ్యలో తయారు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా తయారీ సాగింది. బరువు సుమారు 4 కిలోలు, పొడవు 113 సెంటీమీటర్లు, మ్యాగజైనులో పట్టేవి 10 తూటాలు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్సు వెళ్ళిన మన సిపాయిలు మార్సెయిల్స్ రేవులో దిగిన తరువాతనే ఈ కొత్త రైఫిలును అందుకున్నారు. అంతవరకు వారి చేతుల్లో ఉన్నవి అంతకంటే పాత రకాలు. తెల్లవారి ప్రభుత్వం మనవారికి ఎప్పుడూ ఒక మెట్టు తక్కువ ఆయుధమే ఇచ్చేది. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటాలకు పూసిన కొవ్వు సంగతి బడిలో చదువుకున్నదే. ఆ తిరుగుబాటు తరువాత ఆ భయం వారిని వదలలేదు. పోలీసులకు ఇచ్చిన తుపాకి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. త్రీ నాట్ త్రీ రైఫిలునే తీసుకుని, గొట్టం లోపలి మరలు తీసివేసి నున్నగా చేసి, మ్యాగజైను ఉండవలసిన చోట కర్రముక్క బిగించి, ఒకసారికి ఒకే తూటా పెట్టేలా మార్చి పోలీసుకు ఇచ్చారు. దాని పేరు 410 మస్కట్. పైకి చూస్తే రైఫిలే. దూరం పోదు, గురి నిలవదు, రెండో గుండు కావాలంటే మళ్ళీ చేత్తో పెట్టుకోవాలి. పోలీసు తిరగబడితే సైన్యం ముందు నిలవకూడదన్నది వారి లెక్క.

మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి 26 తుపాకులను, రెండున్నర వేల తూటాలను పట్టుకుపోయారు. తీసుకున్నవాటి వివరం స్టేషను దస్త్రంలో రాసి సంతకం చేశారన్నది ఊరూరా చెప్పుకునే కథ. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు ప్రాణాలు కోల్పోయారు. అయితే ఆ తరువాత అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదకు వెళ్ళేసరికి అక్కడి ఆయుధాలను ముందే తప్పించి ఉంచారు. తుపాకి ఉన్నంత మాత్రాన చాలదు, దానికి తూటా నిత్యం అందుతూ ఉండాలన్న సత్యం అప్పటికే అందరికీ అర్థమైంది. ఈనాటి చర్చకు కూడా ఇదే అసలు ముడి.

ఎందుకు నమ్మారు

ఈ రైఫిలు యంత్రం చాలా సాదా. మీటను పైకి లేపి వెనక్కు లాగితే కాలిన తూటా గుల్ల బయటపడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా లోపలికి పోయి తాళం పడుతుంది. పని అంతా మనిషి చేతిదే. ఆటోమేటిక్ తుపాకిలో పేలిన తూటా నుంచి వచ్చే వాయువే తరువాతి తూటాను లోపలికి తోయాలి. ఒక తూటా సరిగా కాలకపోతే అక్కడే పని ఆగిపోతుంది. త్రీ నాట్ త్రీలో ఒక తూటా తుస్సుమన్నా మీట లాగి అవతల పారేసి రెండోది కాల్చవచ్చు. బురదలో పడినా, ఇసుకలో పడినా గట్టిగా నాలుగుసార్లు ఆడిస్తే మళ్ళీ దారికి వస్తుంది. బోల్టు ఆడించడం ఎంత తేలికంటే, బాగా తరిఫీదు పొందిన సిపాయి నిమిషానికి 15 గురి తూటాలు కాల్చాలన్నది బ్రిటిష్ సైన్యంలో మామూలు పరీక్ష.

కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో గస్తీ తిరిగే రేంజర్లు ఇదే కుటుంబానికి చెందిన నాలుగో నంబరు రైఫిలును ఇటీవలి వరకు వాడారు. గడ్డకట్టే చలిలో కూడా పనిచేస్తుందన్నదే కారణం. కొత్తది వచ్చినంత మాత్రాన మంచిదైపోదనడానికి మన దేశంలోనే నిదర్శనం ఉన్నది. మన సైన్యానికి స్వదేశంలో తయారైన ఇన్సాస్ రైఫిలు 1999 కార్గిల్ యుద్ధంలో మంచు కొండల మీద ఇబ్బంది పెట్టింది. ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగిలాయి, తుపాకి మొరాయించింది.

అయితే కాలం మారిన సంగతి కూడా దాచనవసరం లేదు. 1962లో నేఫా సరిహద్దుల్లో మన జవాన్లు ఇదే బోల్టు రైఫిలుతో నిలబడ్డారు. ఎదుటివారి చేతుల్లో మీట లాగే పని లేకుండా కాలే తుపాకులు ఉన్నాయి. ఆ యుద్ధ నిధికి ఇళ్ళలోని ఆడవారు గాజులు, గొలుసులు తీసి ఇచ్చిన సంగతి పెద్దవారికి గుర్తే. ఆ దెబ్బతోనే సైన్యం త్రీ నాట్ త్రీని వదిలి, ఈశాపూర్‌లో తయారైన 7.62 ఎస్.ఎల్.ఆర్. రైఫిలుకు మారింది. సైన్యం వదిలినది పోలీసుకు మిగిలింది. ఇది మొదటినుంచి వస్తున్న ఆచారమే.

ఎక్కడ మొరాయిస్తుంది

ఈ తూటాకు అడుగున చుట్టూ అంచు ఉంటుంది, పళ్ళెం అంచులాగ. మ్యాగజైనులో ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనుక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుని, బోల్టు ఎంత తోసినా తూటా కదలదు. తుపాకి జామైందన్న ఫిర్యాదుల్లో కొంత భాగం ఈ అశ్రద్ధ వల్ల వచ్చేదే. చీకట్లో, కంగారులో, సరైన సాధన లేని చేయి పేర్చితే ఇలాగే అవుతుంది. అయిదేసి తూటాల క్లిప్పును సరిగా పేర్చుకుని నింపితే ఈ బాధ చాలావరకు ఉండదు.

రెండో జబ్బు బోల్టు మారిపోవడం. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కాని ఏ రైఫిలు బోల్టు ఆ రైఫిలుకే. రెండింటి మీద ఒకే నంబరు కొట్టి ఉండేది అందుకే. బోల్టు ముఖానికి, తూటా అంచుకు మధ్య ఖాళీ వెంట్రుకవాసి పెరిగినా గుల్ల చిట్లి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదకే వెనక్కు కొట్టవచ్చు. పదిమంది ఒకచోట కూర్చుని రైఫిళ్ళు విప్పి తుడిచి, చివరకు చేతికి అందిన బోల్టు దూర్చి బీరువాలో పెట్టేస్తే, ఎప్పుడో ఒక రోజు దాని ఫలితం బయటపడుతుంది. ఎడ్ల కాడిలో ఎడమ ఎద్దును కుడివైపు కడితే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పనవసరం లేదు. ఇక్కడ జరిగే నష్టం మాత్రం చాలు వంకర పోవడంతో ఆగదు.

మూడోది మన డెల్టా వాతావరణం. గొట్టం చుట్టూ ముందువరకు ఉన్న కర్ర తొడుగే ఈ రైఫిలు అందం. వానాకాలపు తేమకు కర్ర ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఉబ్బిన కర్ర గొట్టాన్ని ఒక పక్కకు నొక్కితే, గురి సరిగానే పెట్టినా గుండు పక్కకు పోతుంది. బందరు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇనుము సంగతి చెప్పేదేముంది? కిటికీ ఊచలకే రెండేళ్ళకు ఒకసారి రంగు వేయవలసిన ప్రాంతమిది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. బయటికి కనిపించనిదీ అదే. పాత తూటాల కాప్సులో వాడిన రసాయనం కాలిన తరువాత గొట్టం లోపల ఒక రకం ఉప్పు మిగుల్చుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుందని వంటింట్లో జాడీ చూసిన ప్రతివారికీ తెలుసు. అలా లాగిన తేమ గొట్టాన్ని లోపలినుంచి తినేస్తుంది. నూనె గుడ్డతో ఎంత తుడిచినా ప్రయోజనం లేదు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే కాల్పులు అయిన రోజునే గరాటు పెట్టి మరిగే నీరు గొట్టంలో పోసి, ఆ వేడికే ఆరనిచ్చి, తరువాత పొడి గుడ్డ లాగి, అప్పుడు నూనె పూయడం ఆనాటి సైన్యపు నియమం. నూనె సీసా, గొట్టంలోంచి లాగే తాడు తుపాకి మడమలోనే చిన్న మూత కింద దాచి ఉంచేవారు. ఇప్పుడు ఆ మూత తెరిస్తే ఎన్నింటిలో సీసా కనిపిస్తుందన్నది వేరే ప్రశ్న.

పేలని తుపాకులు, నోటితో పేల్చినవారు

2019 ఆగస్టు 21న బీహారులో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రాకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ అక్కడే ఉన్నారు. గౌరవ సూచకంగా గాలిలోకి కాల్చడానికి పోలీసులు 22 రైఫిళ్ళు ఎత్తారు. ఒక్కటీ పేలలేదు. దేశమంతా ఆ దృశ్యాన్ని చూసింది. ఇక్కడ కాస్త లెక్క వేసి చూడాలి. ఒక తుపాకి చెడిపోవచ్చు, రెండు చెడిపోవచ్చు. 22 తుపాకులు ఒకే క్షణంలో చెడిపోవడం సాధ్యం కాదు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవి తూటాలే. అనుమానం అటే పోవాలి. తేమ తగిలి కాప్సు చచ్చిన తూటా పెడితే వందేళ్ళ నాటి తుపాకి అయినా, నిన్న కొన్న తుపాకి అయినా ఒకటే.

అంతకు ముందు ఏడాది, 2018 అక్టోబరులో, ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ జిల్లాలో నేరస్థులను వెంటాడుతున్న పోలీసు అధికారి ఒకరి పిస్తోలు మొరాయించింది. ఆయన వెనకడుగు వేయకుండా నోటితోనే ఠాయ్ ఠాయ్ అని అరిచారు. జనం నవ్వుకున్నారు. కాని తోటల్లో నక్కినవారు ఎదురు కాల్పులు జరుపుతున్న సమయంలో పేలని ఆయుధంతో నిలబడినవాడి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఆలోచిస్తే నవ్వు రాదు.

2008 నవంబరు 26 రాత్రి బొంబాయి సి.ఎస్.టి. స్టేషనులో జరిగినదే ఈ విషయంలో దేశానికి తగిలిన పెద్ద దెబ్బ. ఎదుటివారి చేతుల్లో ఏ.కె. తుపాకులు, గ్రెనేడ్లు. ఇటు కాపలాలో ఉన్నవారి దగ్గర లాఠీలు, కొన్ని త్రీ నాట్ త్రీలు. ఆ రాత్రి తరువాత ఈ రైఫిలు పేరు పూర్తిగా చెడిపోయింది. కాని అదే స్టేషనులో రైల్వే రక్షక దళానికి చెందిన ఝిల్లూ యాదవ్ పక్కవాని చేతిలోని త్రీ నాట్ త్రీని లాక్కుని హంతకుల మీద కాల్చిన సంగతి కూడా నమోదై ఉన్నది. అదే రైఫిలు ఒకరి చేతిలో కాలలేదు, ఇంకొకరి చేతిలో కాలింది. ఆ తరువాత వేసిన రామ్ ప్రధాన్ కమిటీ విచారణలో తేలిన అంశాల్లో, తూటాల కొరత వల్ల సిబ్బందికి కాల్పుల సాధన జరగలేదన్నది ఒకటి. ఏళ్ళ తరబడి ఒక్క తూటా కాల్చని మనిషి చేతిలో ఏ.కె. పెట్టినా ఆ రాత్రి కథ పెద్దగా మారి ఉండేది కాదు. ఏ.కె. ముందు బోల్టు రైఫిలు సరిపోతుందని చెప్పడం దీని ఉద్దేశం కాదు. తుపాకి మార్చిన ఖర్చు లెక్కల్లో కనిపిస్తుంది, సాధనకు కాల్చిన తూటా ఖర్చు గాలిలో పోయినట్టు కనిపిస్తుంది. పొదుపు ఎప్పుడూ రెండోదాని మీదే పడడానికి కారణం ఇది.

ఊరి మధ్య అంత శక్తి ఎందుకు

ఈ రైఫిలును విరమించడానికి మరో బలమైన కారణం ఉన్నది. దానిని గురించి తక్కువ మాట్లాడుకుంటారు. ఇది యుద్ధభూమి కోసం పుట్టిన ఆయుధం. 11 గ్రాముల గుండు సెకనుకు 740 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కంటే రెండు రెట్ల వేగంతో బయలుదేరుతుంది. అడ్డం లేకపోతే సుమారు 3 కిలోమీటర్లు పోగలదు. ఒక మనిషిని దాటి వెనుక ఉన్నవానికి తగులుతుంది. ఇటుక గోడ కూడా నమ్మదగిన చాటు కాదు. మన ప్రాంతం బల్లపరుపు. గుండును ఆపడానికి కొండలేదు, గుట్టలేదు. వరి చేల మీదుగా పోయిన గుండు ఏ ఊరి పొలిమేరలో దిగుతుందో ఎవరు చెప్పగలరు? జంక్షను లాంటి చోట, బస్సులు, లారీలు, మామిడి బండ్లు, గుడికి వచ్చే ఆడవారు కలిసి తిరిగే కూడలిలో, కాపలాదారు చేతిలో ఇంత శక్తి గల రైఫిలు పేలకపోయినా ప్రమాదమే, పేలినా ప్రమాదమే. బ్యాంకు గార్డుల చేతిలో సాధారణంగా 12 బోరు తుపాకి కనిపించడానికి ఇదొక కారణం. దాని రవ్వలు దగ్గరలో గట్టిగా కొడతాయి, దూరం పోవు. ఆనాడు అపనమ్మకంతో ఇచ్చిన 410 మస్కట్ ఒక్క ఈ విషయంలో మాత్రం ఊరి మధ్యకు తగినదిగా ఉండేది. చరిత్ర ఇలాంటి వింతలు చేస్తూనే ఉంటుంది.

తుడిచేటప్పుడే పేలుతుంది

పత్రికల్లో ఎప్పటికప్పుడు వచ్చే ఒక వార్త ఉన్నది. తుపాకి శుభ్రం చేస్తుండగా పొరపాటున పేలి కానిస్టేబుల్ మృతి. ఊరు మారుతుంది, వార్త మారదు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. మ్యాగజైను తీసేస్తే తుపాకి ఖాళీ అయిందని అనుకోవడం. బోల్టు ఒకసారి ముందుకు పోయి ఉంటే ఒక తూటా గొట్టంలోనే కూర్చుని ఉంటుంది. మ్యాగజైను తీసినా అది కదలదు.

అందుకే శిక్షణలో జాంచ్ శస్త్ర అనే ఆజ్ఞ ఉన్నది. ముందు గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పాలి. మ్యాగజైను తీయాలి. తరువాత బోల్టు పూర్తిగా వెనక్కు లాగి, గొట్టంలోకి కంటితో చూడాలి. చీకటైతే వేలు పెట్టి తడిమి చూడాలి. అప్పుడు బోల్టు మూసి, గొట్టం అదే వైపు ఉంచి మీట నొక్కాలి. ఈ వరుస తారుమారై మ్యాగజైను తీయకముందే బోల్టు ఆడిస్తే, ఒక తూటా బయటికి వచ్చి ఇంకొకటి లోపలికి పోతుంది. చూసేవాడికి ఖాళీ అయినట్టే ఉంటుంది. సేఫ్టీ మీట వేశాం కదా అన్న ధీమా కూడా మంచిది కాదు. అరిగిపోయిన పాత రైఫిలులో సేఫ్టీ మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. కళాశాలలో ఎన్.సి.సి.లో చేరి 22 రైఫిలు పట్టిన పిల్లలకు ఈ పాఠం వస్తుంది. ఇంట్లో తాతగారి తుపాకి ముట్టుకునే మనవడికి మాత్రం ఎవరూ చెప్పరు.

అటక మీది ఆయుధం

పోలీసు రైఫిలు సంగతి అలా ఉంచితే, గ్రామాల్లో ఉన్న పాత తుపాకులది వేరే కథ. త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు కాబట్టి మామూలు పౌరునికి దాని లైసెన్సు రాదు. రైఫిలు కావాలనుకునే పౌరుల కోసం ఈశాపూర్ కర్మాగారం 315 బోరు అనే వేరే రకం తయారు చేసింది. ఊళ్ళలో ఎక్కువగా ఉన్నవి ఒంటి గొట్టం, రెండు గొట్టాల 12 బోరు తుపాకులు, మెట్ట ప్రాంతంలో పంట కాపలాకు తీసుకున్న మందు కూరే తుపాకులు. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు మందు కూరే తుపాకికి ప్రత్యేకంగా అవకాశం ఇచ్చింది. అయితే తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తోటలోకి వచ్చిన అడవి జంతువును కాల్చే హక్కు వచ్చినట్టు కాదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరే అడ్డు ఉన్నది. నూజివీడు వైపు మామిడి రైతులు ఈ రెండు చట్టాల మధ్య నలగడం కొత్త కాదు.

మందు కూరే తుపాకి త్రీ నాట్ త్రీ కంటే ప్రమాదకరమైనది, కాల్చేవాడికి. కొలత లేకుండా గుప్పెడు మందు కూరినా, ముందు రోజు కూరిన సంగతి మరచి మళ్ళీ కూరినా గొట్టం చీలుతుంది. నాటుగా ఎవరో చేసి ఇచ్చినదైతే చెప్పనక్కరలేదు. అలాంటి తుపాకి తయారు చేసినా, అమ్మినా 2019 సవరణ తరువాత శిక్ష కనీసం 7 ఏళ్ళు, యావజ్జీవం వరకు పోవచ్చు. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకున్నా 2 నుంచి 5 ఏళ్ళు. అదే సవరణ పెళ్ళి ఊరేగింపుల్లో, సంబరాల్లో గాలిలోకి కాల్చడాన్ని కూడా నేరం చేసింది. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా కాల్చితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు పైనే ఉండిపోదు కదా.

ఇంకొక మార్పు చాలామంది గ్రామీణుల దృష్టికి రాలేదు. ఇదివరకు ఒక వ్యక్తి మూడు తుపాకుల వరకు ఉంచుకోవచ్చు. ఇప్పుడు రెండే. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు కాలం మాత్రం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. 21 ఏళ్ళు నిండనివారికి ఆయుధం ఇవ్వరు.

లైసెన్సుదారు చనిపోయినప్పుడు వచ్చే చిక్కు వీటన్నిటి కంటే ఎక్కువ మందికి ఎదురయ్యేది. తండ్రి పోయిన దుఃఖంలో భూమి పాసు పుస్తకాలు, బ్యాంకు ఖాతాలు గుర్తుకు వస్తాయి గాని, గోడకు వేలాడే తుపాకి గుర్తుకు రాదు. ఏళ్ళు గడిచాక ఎన్నికల నాటి తనిఖీలోనో, అన్నదమ్ముల పంపకాల్లోనో అది బయటపడుతుంది. అప్పటికి ఆ ఇంట్లో ఉన్నవారందరూ లైసెన్సు లేని ఆయుధం దాచినవారి కింద లెక్క. పెద్దాయన ఉన్నప్పుడు చట్టబద్ధమైన తుపాకి, ఆయన పోయిన తరువాత కాకుండా పోతుందన్న సంగతి చాలామందికి తట్టదు. 21వ సెక్షను ప్రకారం అలాంటి ఆయుధాన్ని, దానితో ఉన్న తూటాలను ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో గాని జమ చేసి రశీదు తీసుకోవాలి. ఆ తరువాత వారసులలో ఒకరు తమ పేరిట లైసెన్సు కోరుతూ జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేదా లైసెన్సు ఉన్నవారికి అమ్ముకోవచ్చు. జమ చేసి గడువు లోపల ఏదీ తేల్చకుండా వదిలేస్తే దానిని ప్రభుత్వానికి జప్తు చేసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఉన్నది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగిన తరువాత ఈ విషయంలో మరో తికమక వచ్చింది. బాపులపాడు మండలం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది కనుక జంక్షను వారు మచిలీపట్నం వెళ్ళాలి. పక్కనే ఉన్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది. అక్కడివారి కాగితాలు ఏలూరుకు వెళ్ళాలి. పాత లైసెన్సు పుస్తకం మీద మాత్రం అందరికీ కృష్ణా జిల్లా ముద్రే ఉంటుంది.

అటక దులిపేటప్పుడు తుపాకి లేకుండా విడి తూటాలు మాత్రమే దొరకడం కూడా ఉన్నదే. ఎప్పుడో సైన్యంలో పనిచేసి వచ్చినవారి ట్రంకు పెట్టెల్లో పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి గుల్లలు ఉంటాయి. పాతబడింది కదా అని పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడం, ఇత్తడి కోసం సుత్తితో కొట్టడం, చెత్తతో పాటు మంటలో వేయడం ప్రాణాంతకం. ముప్పై ఏళ్ళు తేమలో ఉన్న తూటా తుపాకిలో పేలకపోవచ్చు. సుత్తి కింద పేలదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. దానిని కదిలించకుండా స్టేషనుకు కబురు చేస్తే వారే వచ్చి తీసుకుపోతారు.